పద్నాలుగో ట్యూబులో నీలం

1988 జూన్‌లో నన్ను బాపట్లలోని ఒక పరిశోధనశాలకు జీవరసాయన విభాగం అధికారిగా వేశారు. ఇన్నేళ్లయినా అక్కడి పద్నాలుగో ట్యూబు గుర్తొస్తే ఒళ్లు జల్లుమంటుంది.

మా పని తవుడు మీద. మిల్లులో పట్టిన తవుడు చూస్తుండగానే చేదెక్కుతుంది. కారణం అందులోని లైపేజ్ అనే ఎంజైము. ఆ ఒక్క ప్రోటీన్‌ను మిగతా వాటి నుంచి విడదీసి చూపించాలి. నా దగ్గర పరిశోధక విద్యార్థిని సుశీల, తెనాలిలో ఒక మాస్టారి కూతురు, పిహెచ్.డి. చేస్తుండేది. ఆమె సిద్ధాంత గ్రంథమంతా ఈ ప్రోటీన్ మీదే. గడువు మార్చి నెలాఖరు.

తాజా తవుడు రేపల్లె మిల్లులో తీసుకుని, చేపల పెట్టెలో ఐసు మధ్య సర్ది, తెనాలిలో బండి మారి తెచ్చేవాళ్లం. "ఏంటన్నయ్యా, తవుడుకి ఐసేంటి?" అని రైల్లో చేపల గంపతో ఎక్కిన ఒకామె విరగబడి నవ్వింది.

జెల్ ఫిల్ట్రేషన్ అంటే నిలువు గాజు గొట్టంలో జెల్ పూసలు నింపి, పైనుంచి ప్రోటీన్ ద్రావణం పోయడం. ఆ గొట్టాన్నే కాలమ్ అంటాం. చిన్న అణువులు పూసల రంధ్రాల్లో దూరి ఆలస్యంగా దిగుతాయి. రంధ్రాల్లో పట్టని పెద్దవి ముందే జారిపోతాయి. కింద కారేదాన్ని వరుసగా నంబర్లు వేసిన ట్యూబుల్లో పడతాం. కాబట్టి ప్రోటీన్ పరిమాణాన్ని బట్టి జెల్ ఎంచుకోవాలి. పెద్ద రంధ్రాల జెల్ నానడానికే మూడు రోజులు, ద్రావణం దిగడానికి రోజంతా. ఈలోగా కరెంటు పోతే ఎంజైము పాడవుతుంది. అందుకని రెండు గంటల్లో పని తేలే చిన్న రంధ్రాల జెల్ ఎంచుకున్నాను. తెలివైన పనే చేశాననుకున్నాను.

జనవరిలో ఫలితం వచ్చింది. ఒక్కో ట్యూబులో ప్రోటీన్ ఎంతుందో కొలిచి గీసిన గ్రాఫులో ఒకే శిఖరం, పద్నాలుగో ట్యూబు దగ్గర. ఎంజైమూ అక్కడే ఉంది. శుద్ధమైన ప్రోటీన్ దొరికిందని ప్రకటించేశాను.

"ఒక్కసారి నీలం పోసి చూద్దామండి సార్," అంది సుశీల. నీలం అంటే ఏ రంధ్రంలోనూ పట్టనంత పెద్ద రంగు అణువు. ఏ రంధ్రంలోనూ దూరనివి ఏ ట్యూబులో దిగుతాయో అది చెబుతుంది. నిజానికి ఆ పరీక్ష అన్నిటికంటే ముందు చెయ్యాలి.

"ఇప్పుడు టైమ్ లేదమ్మా, అధ్యాయం టైపుకిచ్చెయ్," అని కసిరాను.

ఫిబ్రవరిలో ఒకరోజు రేపల్లె నుంచి పెట్టెతో వచ్చేసరికి ఆమె కాలమ్ ముందు నిలబడి ఉంది. నేను లేనప్పుడు నీలం పోసింది. స్టాండులో ట్యూబులన్నీ తెల్లగా ఉన్నాయి, పద్నాలుగోది తప్ప.

నీలం దిగిన చోటే మా ప్రోటీన్ కూడా దిగిందంటే, అది ఒక్క రంధ్రంలోనూ దూరలేదన్నమాట. పెద్దవన్నీ కలిసికట్టుగా వచ్చి పడ్డాయి. అసలేదీ విడిపోలేదు. మొదటి ఏడాది విద్యార్థి చెయ్యని తప్పు, పదిహేనేళ్ల సర్వీసున్న నేను చేశాను!

"మూడుసార్లు పోశానండి. మూడుసార్లూ అక్కడేనండి," అంది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు మరింత భయమేసింది. పెట్టె కింద పెట్టడం కూడా మరిచాను. ఐసు నీళ్లు నా బూట్ల మీద కారుతున్నాయి.

పెద్ద రంధ్రాల జెల్, పొడవాటి గొట్టం పెట్టి మళ్లీ మొదలుపెట్టాం. ఒక్కటే అనుకున్నది నాలుగు శిఖరాలుగా విడిపోయింది. లైపేజ్ మూడోదానిలోనే ఉంది. టైపు చేసిన అధ్యాయం చించేశాం. గడువు పొడిగించమని విశ్వవిద్యాలయానికి నేనే లేఖ రాసి, కారణం దగ్గర "కాలమ్ ఎంపికలో పర్యవేక్షకుడి తప్పు" అని రాశాను. ఆమె ఆగస్టు నెలాఖరులో గ్రంథం సమర్పించింది.

ఏ జెల్ ఎంచుకున్నా ముందు నీలం పోసి చూడాలి. ఒకే శిఖరం వస్తే మరీ చూడాలి. ఆ పరీక్షకు పట్టేది రెండు గంటలు. వాటిని మిగుల్చుకోబోయి ఆమెకు ఐదు నెలలు పోగొట్టాను.