దిష్టి తగిలిన రాయి

గోరంత పరీక్షతో కొండంత ధీమా తెచ్చుకోవడం నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బు. అది ముదిరింది మాత్రం తొంభైల మొదట్లో, తిరుపతిలో భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ చదివే రోజుల్లో. గోటితో గీకితే గీత పడింది కనుక జిప్సమే అని ఒక రాయికి పేరు పెట్టాను. ఆ రాయి తర్వాత తన పేరు మార్చుకుంది గానీ, నాకు మాత్రం ముప్పయ్యేళ్ళుగా ఆ పేరే మిగిలింది. మొన్న చిత్తూరులో మా సీనియర్ అన్న ఇంటికి వెళితే, గేటు దగ్గరే "ఏంబ్బా జిప్సం, ఇప్పుడా వచ్చేది?" అన్నాడు. లోపలికి తీసుకుపోయి, దేవుడి గూట్లో నల్లగుడ్డ చుట్టి పెట్టుకున్న ఫిల్మురోలు డబ్బాను చూపించాడు. మూడేళ్ళ కిందట, ఆయన రిటైరైన రోజున నేనిచ్చిన కానుక అది. దాన్ని చూడగానే మా నాయన బావి కళ్ళ ముందు నిలిచింది.

పాకాల దగ్గర మా పల్లెలో, నేను ఎమ్మెస్సీలో ఉన్న వేసవిలో, నాయన బావి పూడిక తీయించాడు. అడుగున కుళ్ళువాసన కొట్టే నల్లటి బురద, ఆ బురదలో ఎప్పుడు పడి చచ్చిందో ఒక ఎద్దు తాలూకు ఎముక, ఆ ఎముక బోలులో గాజుసూదుల్లాంటి స్ఫటికాలు. మా అవ్వ తొంగిచూసి గబుక్కున కొంగు కప్పేసింది. "అందురూ సూస్తే దిష్టి తగల్తాది నాయనా, మూసిపెట్టు" అంది. సైన్సు చదివినవాణ్ణి కదా, నవ్వాను. అవ్వ నా నవ్వును లెక్కచేయకుండా తడిగుడ్డ చుట్టి, పాలపొడి డబ్బాలో పెట్టించి మూత బిగించింది. అవి తిరుపతి దాకా చెడకుండా చేరాయంటే అది అవ్వ శాస్త్రమే తప్ప నాది కాదు.

ల్యాబులో రెండు సూదులు విరిచి, గోటితో గీకి, పొరలుగా చీలడం చూసి, రంగు లేదు, మెరుపుంది, "జిప్సం, సల్ఫేటు వర్గం" అని రికార్డులో రాసేసి, వాటిని కిటికీ దగ్గర పెట్టి మెస్సుకు వెళ్ళిపోయాను. మర్నాటికి నీలంగా ఉన్నాయి. పక్కబల్ల మీద సిరాబుడ్డి ఉండేది కనుక ఎవడో ఒలికించాడని తీర్మానించి, సబ్బు పెట్టి కడుగుతుండగా మా సార్ చూశారు. ఆయన చిటికెడు పొడిని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, అమ్మోనియం మాలిబ్డేటు పోసి వెచ్చచేశారు. పసుపు కలిపినట్టు మడ్డి దిగింది. అంటే ఫాస్ఫేటు. పేరు వివియనైట్, ఇనుము, ఫాస్ఫేటు, స్ఫటికంలో కట్టుబడిన ఎనిమిది నీటి అణువులు, మా భాషలో ఎనిమిది నీళ్ళు. గోటికి లొంగడంలో, పొరలుగా చీలడంలో, చివరికి స్ఫటికం ఒరిగే తీరులో కూడా జిప్సానికి కవలపిల్లే, కులగోత్రాలు మాత్రం వేరు. తాజాగా ఉన్నప్పుడు దానికి రంగుండదు. వెలుగు తగిలేకొద్దీ లేత నీలం, ముదురు నీలం, ఆఖరికి నలుపు. చూడాలంటే వెలుగు కావాలి, వెలుగు పడితే చెడిపోతుంది. సార్ అరగంట వివరించిన దాన్ని మా అవ్వ దిష్టి అని ఒక్క మాటలో తేల్చేసింది.

నీలమెక్కినవి మా డిపార్టుమెంటు మ్యూజియంలో అప్పటికే ఉన్నాయట, రంగులేనిదే లేదట. వైవాకు బయటినుంచి వచ్చే ఆచార్యులు చూసి సరేనంటే, డబ్బాలో మిగిలినదాన్ని మ్యూజియంలో చేర్చి, దొరికిన చోటు కింద మా నాయన పేరు రాయిద్దామన్నారు సార్. నేను ఆగలేక ఇంటికి కార్డు రాశాను. నాయన ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ డబ్బా దాచిన బీరువా తాళం అన్న దగ్గర ఉండేది. అప్పట్లో ఆయన అక్కడే పరిశోధన చేసేవాడు. నాకు హాస్టల్లో చోటిప్పించినవాడు, మనసు వెన్న, చేతులే ఊరుకోవు. ఎవరొచ్చినా "ఒక్క నిమిసం సూసి మూసేద్దాం" అంటూ డబ్బాను కిటికీ దగ్గరికి పట్టుకుపోయేవాడు. గుమాస్తా చూశాడు, గుమాస్తా బావమరిది చూశాడు, కొండకొచ్చిన అన్న చుట్టాలు కొత్త గుండ్లతో వరసగా నిలబడి చూశారు. కూడూ గూడూ చూపించినవాడి చేతిలోంచి డబ్బా లాక్కోవడం ఎలా? "సాలన్నా, సాలు" అంటూ పక్కన నిలబడేవాణ్ణి. మూత తీసిన ప్రతిసారీ కొంచెం నీలం ఎక్కేది. వైవా నాటికి కాటుక.

వచ్చినాయన మర్యాదగానే మాట్లాడారు. నల్లబడినవి మా దగ్గరా ఉన్నాయి, రంగులేనిది ఉంటే చూపించమన్నారు. జిప్సంలో రెండు నీళ్ళు, వివియనైట్‌లో ఎనిమిది; నా కళ్ళలో తిరిగినవి ఎన్నో ఎవరూ లెక్కకట్టలేదు. నాయన పేరు రాసిపెట్టుకున్న చీటీ జేబులోనే మెత్తబడింది. "పోనీలేబ్బా జిప్సం, ఇంగో ఎముక దొరక్కపోతాదా" అని భుజం తట్టాడు అన్న.

దొరకలేదు. నాయన నాకోసమే మరో రెండు వేసవులు పూడిక తీయించాడు. ఒకసారి కొండకు వచ్చి, "నా పేరు యాడ రాసిండారో సూపీరా" అని అడిగితే, ఈరోజు మ్యూజియానికి సెలవు నాయనా అని అబద్ధమాడాను. పాపం, ఇంకోసారి అడగలేదు. తర్వాత బోరు వచ్చింది, బావిని పూడ్చేశారు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లే, తినబోయే అన్నాన్ని కూడా నలుగురికీ చూపించి గానీ ముద్ద ఎత్తడం లేదు. మూసిపెట్టుకోవడం అనే విద్య మా అవ్వతోనే పోయినట్టుంది. దాన్ని నేర్చుకున్నవాడు నాకు తెలిసి ఒక్కడే, మా అన్న.

రిటైరైన రోజున ఆయనతో, మిగిలిన రంగులేని ముక్క ఇదొక్కటే అన్నా, ఇన్నాళ్ళూ దాచాను, నీకే ఇస్తున్నా, మూత మాత్రం తీయొద్దని చెప్పి ఇచ్చాను ఆ డబ్బాను. మొన్న దాన్ని నా చెవి దగ్గర మెల్లగా ఆడించి, లోపలి గలగల వినిపించి, "నీ మీదొట్టబ్బా, ఈ మూడేండ్లలో ఒక్కసారి గూడా తెరిసి సూడలేదు" అన్నాడు. ఒకప్పుడు ఊరుకోలేని ఆ చేతులు డబ్బాకు నల్లగుడ్డను మళ్ళీ జాగ్రత్తగా చుట్టాయి. నిజం చెప్పేద్దామని నోరు తెరిచి, వదిన కాఫీ తెచ్చేసరికి మళ్ళీ మూత పెట్టేసుకున్నాను.

అందులో ఉన్నది అచ్చమైన జిప్సం. గోటితో గీకి చూసే ఇచ్చాను.