పరలోకం మాట లేని ఏడుపు

చేపల పెట్టెల్లో కరుగుతున్న ఐసు వాసన తగిలితే నాకు ఇప్పటికీ సుందరం బావ గుర్తొస్తాడు. సైన్యంలో ఉన్న జాన్‌బాబు సరిహద్దు కాల్పుల్లో చనిపోయాడన్న కబురు మాకు మొదట తెచ్చింది ఆయనే. ఆకివీడులో లారీకి సరుకెక్కించి, తడి చొక్కాతోనే వచ్చి గుమ్మంలో నిలబడి, "సలోమి పిన్నికి ఈ మాట ఎలా చెప్పనే?" అన్నాడు.

సలోమి పిన్నిది మా ఎదురిల్లు. భర్త పోయిన ఆమెకు జాన్‌బాబు ఒక్కగానొక్క కొడుకు. శవపేటిక వచ్చిన రోజు జెండా కప్పారు, గాలిలోకి తుపాకులు పేల్చారు. పాస్టరుగారు మంచి మనిషే. విశ్వాసులం ఏడవకూడదనీ, బిడ్డ పరలోకంలో ఉన్నాడనీ పిన్నిని వారించారు. ఆమె నోరు మూసుకుంది. అది మరి తెరుచుకోలేదు. మెతుకు ముట్టలేదు, ఎవరినీ గుర్తుపట్టినట్టు చూడలేదు. జ్ఞాపకార్థ కూడిక నాటికి, ఈమె కూడా మాకు దక్కదేమోనని భయం పట్టుకుంది.

ఆ కూడికలో శాంతమ్మగారు నోరు విప్పుతారని ఎవరూ అనుకోలేదు. ఆయాసం వల్ల బడికి వెళ్ళలేని నాకు ఇంటికొచ్చి, బైబిలు పెట్టుకుని చదువు నేర్పిన మనిషి ఆవిడ. సైన్యంలో చేరకముందు ఈ జాన్‌బాబే సంఘంలో లేచి, ఆడవాళ్ళు వాక్యం చెప్పడమేమిటని ఆవిడ చేత ప్రసంగాలు మాన్పించాడు. అప్పటినుంచి వెనక వరసలో కూర్చుని వెళ్ళిపోయేవారు.

యుద్ధంలో పడిపోయిన సౌలు రాజు కోసం, తన స్నేహితుడు యోనాతాను కోసం బైబిల్లో దావీదు చేసిన విలాపం చిన్నప్పుడు ఆవిడ దగ్గరే చదివాను. తనను చంపాలని తరిమిన సౌలు కోసం ఎందుకేడ్చాడండీ అని అడిగితే, మళ్ళీ చదవమన్నారు.

"అందులో పరలోకం మాట ఎక్కడైనా ఉందా, చూడు. పోయినవాడు ఎంత బలవంతుడో, ఎంత ప్రియమైనవాడో, అంతే. ముందు మనిషిని పోగొట్టుకున్నామని ఒప్పుకోవాలమ్మా. ఆదరణ తరువాత."

కూడిక రోజున ఆవిడ ముందుకొచ్చి పిన్ని పక్కన చాప మీద కూర్చున్నారు. వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి పిలిచినట్టు, "జాన్‌బాబూ" అన్నారు. "కొల్లేరు పొంగినప్పుడు నన్ను భుజాన వేసుకుని గట్టెక్కించావు. సంఘంలో నా నోరు మూయించిందీ నువ్వే. మొండివాడివి. పడిపోయావా నాయనా."

పాస్టరుగారు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.

"మొండోడేనండీ," అంది పిన్ని. అన్ని రోజుల తరువాత మొదటి మాట. "పులుసులో ముల్లు తీసిపెడితేగాని తినేవాడు కాదండీ."

ఆ తరువాత వచ్చిన ఏడుపుకి ఎవరూ అడ్డుపడలేదు. సాయంత్రం ఆమె కాస్త గంజి తాగింది.

శాంతమ్మగారు ఇప్పుడు లేరు. ఆవిణ్ణి మా వీధిలో ఉంచినందుకు దేవునికి రోజూ స్తోత్రం చెప్పుకుంటాను. చావు జరిగిన ఇంటికి వెళితే ఇప్పటికీ పరలోకం మాటే నా నాలుక మీదికి ముందొస్తుంది. దాన్ని ఆపుకుని, పోయినవారి పేరు పలుకుతాను. మీరెవరూ జాన్‌బాబును చూడలేదు. ఈ పూట ఒక్కసారి అతణ్ణి తలుచుకోండి. వీరుడనే కాదు, ముల్లు తీసిపెడితేగాని తినని మొండివాడని కూడా తలుచుకోండి.