డాక్టర్ అడిగింది మా అక్కను

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చాలా చిన్నది. మూడే మాటలు. పెద్ద అబద్ధమై ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు. ఇది ఎవరికీ కనబడలేదు గనకే ఇన్నేళ్ళు నా దగ్గర ఉండిపోయింది.

పేరు రాయడం లేదు. రాస్తే నారాయణఖేడ్‌లో మా అక్క ఎవరో తెలిసిపోతుంది. అది ఒక కారణం. రెండోది భయం. మీరు నన్ను ఏదో సభలో వినే ఉంటారు. తాయెత్తులు కట్టేవాళ్ళను, మంత్రాలు వేసేవాళ్ళను వేదికెక్కి నిలదీసే మనిషిని. "రుజువు చూపించు" అన్నది నా ఊతపదం. రుజువు దాచింది నేనే అని ఇప్పుడు మీతో చెబుతున్నాను.

అక్క బస్సు డిపో దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్మేది. నలభై దాటాక వేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకునేది కాదు. హైదరాబాదులో ఒక డాక్టర్ చూసి, ఇది కీళ్ళవాతం, ఒంట్లోని రక్షణశక్తే పొరపడి సొంత కీళ్ళ మీద దాడి చేస్తోందన్నాడు. అప్పటికి వాడుతున్న మందు ఆమెకు పడలేదు. అందుకని ఒక యాంటీబయాటిక్‌ను చాలా నెలలు వాడి చూద్దామన్నాడు. కొందరిలో వాపు తగ్గిస్తుందట. "అయితే ఇది కడుపులో మనకు పనికొచ్చే సూక్ష్మజీవులను కూడా చంపుతుంది. విరేచనాలు పడితే వెంటనే చెప్పాలి" అని హెచ్చరించాడు. నేను విన్నాను. చీటీ మీద రాసుకున్నాను కూడా.

మూడు నెలలకు పిడికిలి ముడుచుకుంది. అప్పుడు నేనేం చేశానో చూడండి. సిర్గాపూర్ వైపు ఒకాయన కీళ్ళనొప్పులకు తాయెత్తు కట్టేవాడు. ఆయనను బహిరంగ చర్చకు పిలిచాను. అక్కను వేదిక ఎక్కించి, అందరి ముందు జొన్నపిండి ముద్ద చేతికిచ్చి రొట్టె తట్టించాను. చప్పట్లు మోగాయి. ఆ రొట్టె కథతో కరపత్రం అచ్చువేయించాను.

మందు వల్లే తగ్గిందా? కొన్నాళ్ళు దానంతటదే తెరిపి ఇచ్చే జబ్బు గనక తగ్గిందా? ఒక్క మనిషిని చూపించి ఏదీ తేల్చకూడదని ఊరూరా చెప్పింది నేనే. తాయెత్తు కట్టే ఆయన చూపించేదీ ఒక్కొక్క మనిషినే కదా. ఆ రోజు వేదిక మీద మా ఇద్దరికీ తేడా ఏమిటి?

మరుసటి నెలలో అక్క కడుపు చెడింది. తిన్నది నిలిచేది కాదు. పొట్ట ఉబ్బి, నొప్పితో వంగిపోయేది. మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన అక్క ముఖంలోకి చూస్తూ, "కడుపెట్లుందమ్మా? విరేచనాలేమన్నా అవుతున్నయా?" అని అడిగాడు.

మా వైపు ఆడమనిషి వెంట దవాఖానకు వెళ్ళిన మగవాడే జవాబు చెబుతాడు. ఆ అలవాటును ఎండగడుతూ నేనొక వ్యాసం రాశాను. అక్క నోరు తెరిచింది. అంతలోనే నేనన్నాను: "ఏం లేదు సార్."

ఎందుకన్నాను? కరపత్రాల కట్టలు ఇంట్లో ఉన్నాయి. మందు ఆపేస్తే వేళ్ళు మళ్ళీ వాస్తాయి, తాయెత్తు కట్టే ఆయన నవ్వుతాడు. ఇంత స్పష్టంగా అప్పుడు అనుకోలేదు. కానీ నాలుక అనుకుంది. అక్క నొప్పి నాకు నొప్పిగా కాక ఎదుటి పక్షం చేతికి చిక్కే ఆయుధంగా కనిపించింది.

తిరుగు బస్సు ఎక్కాం. అక్క అంది: "డాక్టర్ అడిగింది నన్ను గదరా. నువ్వెందుకు చెప్పినవ్?"

"గది గోలీలది కాదక్కా. నువ్వు రోజూ తాగే పుల్లటి అంబలిది. గది మానెయ్, సాఫ్ అయితది."

"చిన్నప్పటి సంది తాగుతున్న. గిప్పుడే పగబట్టిందా నా మీద?"

"నీకు తెల్వది, ఊకో."

"అవ్ తీ, నా కడుపు సంగతి నాకేం తెలుస్తది! సభల్ల మైకు నీదే, దవాఖానల గూడ నీదే."

పక్క సీట్లో ఆవిడ నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

అంబలి చెడు చేస్తుందో, మేలు చేస్తుందో నాకు తెలియదు. తెలియదు అని చెప్పడం అప్పటికి నాకు రాలేదు. చిన్నప్పటి నుంచి చేతిలో పట్టుకున్న అంబలి ముంతను ఆమె నా మాట నమ్మి పక్కన పెట్టింది. ఎప్పుడైనా ఆగలేక తాగితే తప్పు చేసినదానిలా నాకు చెప్పేది. మందు నడిచింది. డాక్టర్ మరో రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ జవాబు నాదే.

ఒక రోజు డిపో దగ్గరే పడిపోయింది. పెద్దపేగు వాచిందన్నారు. మందు ఆపించి చాలా రోజులు దవాఖానలో ఉంచారు. అక్కడి పడుచు డాక్టరమ్మ ఇది ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే, అక్క, "తప్పు నాదే మేడమ్. తమ్ముడు వద్దన్నా అంబలి మానలే" అంది. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. డాక్టరమ్మ నా వైపు చూసింది కూడా. మొదటిసారి తొందరపడి అన్నానని చెప్పుకోవచ్చు. ఈ మౌనానికి ఏ సాకూ లేదు.

అక్క బతికింది. ఒళ్ళు తిరిగి రాలేదు. కొంచెం ఎక్కువ తింటే ఇప్పటికీ పడదు. రొట్టెల పొయ్యి మళ్ళీ వెలిగించలేదు. పోయిన నెల పక్కింటి కోడలు గిన్నెలో అంబలి తెస్తే, "వద్దమ్మా, గది తాగే నా పేగులు ఖరాబ్ చేసుకున్న" అని నా ముందే వెనక్కి పంపింది. ఒక మూఢనమ్మకాన్ని నా చేతులతో నేనే పుట్టించి, మా ఇంట్లోనే పెంచుతున్నానని ఆ రోజు అర్థమైంది.

నిన్న ఇక్కడిదాకా రాసి అక్కకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. కందికాయలు ఒలుస్తూ వింది. చేతులు ఆగలేదు. నేను కాగితం కింద పెట్టాక అడిగింది: "గంతేనా?"

"గంతే."

"దినానికి ఎన్నిసార్లు పోయేదాన్నో రాయలే నువ్వు."

నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

"ఎనిమిదిసార్లు. రెండుసార్లు గిరాకీల ముందట్నే చీర ఖరాబైంది. పొయ్యి గట్లనే ఇడిసి ఇంటికొచ్చిన. గది గూడ రాయి."

నేను క్షమించమని అడగలేదు. అడిగితే, ఆ జవాబు కూడా ఆమె నోట నేను పెట్టినట్టవుతుందేమో. మళ్ళీ కలం తీశాను. ఆమె చెబుతుంటే, ఆమె చెప్పినట్టే రాశాను.