గుడ్లగూబకు కొత్త దీపాలు

మా బాబాయికి ముక్కుమీద కోపం. కార్లకు దీపాలు, వైరింగు చేసే షెడ్డు ఆయనది. ఎప్పుడు ఎగిరిపోతాడో తెలియదని అందరూ చాటుగా ‘ఫ్యూజు’ అనేవాళ్ళు. చాటుగానే, ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది!

ఆ షెడ్డు వెనక గోడమీద సుద్దముక్కతో ఒక అడ్డగీత, రెండు నిలువుగీతలు ఉండేవి. ఏ కారుకు దీపాలు మార్చినా దాన్ని ఆ గోడకు ఎదురుగా నిలిపి, షట్టరు దించి, వెలుతురు సరిగ్గా అడ్డగీతకు దిగువన పడేదాకా మరలు తిప్పుతూనే ఉండేవాడు. అంతా అయ్యాక ఎవరైనా “ఇంకా మసగ్గా ఉన్నట్టుందే” అన్నారా, ఇక అయిపోయినట్టే. “దీపం దివ్యంగా ఉంది. పోయి నీ కళ్ళు చూపించుకో!” అని కసిరేవాడు. పోలీసాయన్నీ అన్నాడు, పళ్ళ డాక్టర్నీ అన్నాడు. చివరికి పిల్లనిచ్చిన మామగారిని కూడా వదల్లేదు. ఆ పెద్దాయన ఉడుక్కుంటూనే వెళ్ళి చూపించుకుని, శుక్లాలు తీయించుకుని వచ్చి, అల్లుడికి చేతులెత్తి దండం పెట్టాడు.

అంత నోరున్న మనిషి, ఆ ఒక్క మాట మా నాన్నకు మాత్రం చెప్పలేకపోయాడు. అందువల్లే మా నాన్న కళ్ళు పోయాయి. చుట్టూ తిప్పి మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

చెప్పలేకపోవడానికి కారణం ఉంది. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే బాబాయిని పెంచి పెద్ద చేసింది నాన్నే. నాన్న గడియారాలు బాగుచేసేవాడు. రోజంతా ఒంటికంటికి భూతద్దం బిగించుకుని బల్లమీదికి వంగి ఉండేవాడు. నాన్న ఎదుట బాబాయి కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. బయట ఎంత ఎగిరినా మా గుమ్మంలోకి వచ్చేసరికి పిల్లిలా అయిపోయేవాడు. అన్నయ్య అవునంటే అవును, కాదంటే కాదు. అంతే.

నాన్నకు తాతగారి నాటి పాత కారు ఒకటి ఉండేది. ముందు రెండు గుండ్రటి దీపాలు, గుడ్లు మిటకరించి చూస్తున్నట్టు. దానికి గుడ్లగూబ అని పేరు పెట్టింది నేనే. బాబాయి మొట్టమొదట వైరు ముట్టుకున్నది అందులోనే. కొత్త కారు కొనుక్కోమని అమ్మ పోరు పెట్టేది. నాన్న వింటేగా!

ఒక సాయంత్రం నాన్న అన్నాడు: “ఒరేయ్, గుడ్లగూబకు చూపు మందగించిందిరా. రోడ్డు పక్కలు కనిపించి చావడం లేదు.”

బాబాయి చేతిలో పని పక్కనపడేసి వచ్చాడు. దీపం గిన్నె లోపలి పూత నల్లబడిందని గిన్నెలు మార్చాడు, మంచి బల్బులు వేశాడు. నాన్న ఒక చుట్టు తిరిగొచ్చి, “పరవాలేదు గానీ, పక్కలు ఇంకా చీకటేరా” అన్నాడు.

“అవునన్నయ్యా, వైరు ముసలిదైపోయింది. కరెంటు సగం దార్లోనే తాగేస్తోంది” అన్నాడు బాబాయి. అది నిజమే. పాత కార్లలో కరెంటంతా సన్నటి తీగలో స్విచ్చిదాకా పోయి, అక్కణ్ణుంచి దీపానికి రావాలి. ఆయన బ్యాటరీ నుంచి నేరుగా లావుపాటి వైరు లాగాడు, స్విచ్చి భారం మోసే రిలేలు బిగించాడు. టేపు పళ్ళతో కొరికి చుట్టాడు. బల్బు దగ్గర మీటరు పెడితే ముల్లు నిండుగా నిలబడింది. గోడమీద వెలుతురు గీతకు కరెక్టుగా పడింది. నాన్న గోడ వంక చూసి, పక్కలు ఇంకా చీకటేనని తల అడ్డంగా ఊపాడు.

పిన్ని అప్పుడే టీ తెచ్చింది. “మీ బాబాయి నోరు తెరిచారు. మళ్ళీ మూసేసుకున్నారు. నా కళ్ళతో చూశాను” అని తర్వాత నాతో చెప్పింది.

ఇంటికెళ్ళాక ఆవిడే కదిపిందట. “బావగారి కళ్ళు ఓసారి చూపించమనండి. మొన్న మన గుమ్మానికి కూడా భుజం కొట్టుకున్నారు.”

బాబాయి ఒంటికాలిమీద లేచాడట. “ఈగ కాలంత మరను చిమటాతో పట్టుకునే మనిషికి కళ్ళు కనపడవా? అన్నయ్యకే వంకలు పెడతావా?”

పిన్ని ఇంకేం అంటుంది! మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మూడోసారి బాబాయి పట్టుదలకు పోయాడు. అసలు పాతవి వద్దే వద్దని, కొత్తరకం ఎల్‌ఈడీ దీపాలు తెప్పించి, గుండ్రటి చోటులో ఇమిడ్చి, మళ్ళీ గోడముందు నిలిపాడు. గుడ్లగూబ బయటికొస్తే వీధి వీధంతా పట్టపగలే. ఎదురొచ్చే వాళ్ళు కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని తిట్టుకుంటూ పోయేవాళ్ళు. అప్పుడు నాన్న “బాగుందిరా, దివ్యంగా ఉంది” అన్నాడు. ఎక్కడి బాగు! తమ్ముడు ఇంత శ్రమపడ్డాడు, ఇంకా బాగాలేదంటే మనసు కష్టపెట్టుకుంటాడని అన్నాడు. ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని అన్నదమ్ములిద్దరూ కలిసి చేసిన నిర్వాకం ఇది.

మరికొన్నాళ్ళకే, దీపాలు పెట్టేవేళ, మా వీధి మలుపులోనే పక్కన ఆగి ఉన్న పాలబండిని నాన్న గుద్దేశాడు. అంత పెద్ద బండి, తెల్లటి బండి. పక్కన కూర్చున్న అమ్మ చెయ్యి విరిగింది. అమ్మకు కట్టు కట్టిన డాక్టరే నాన్నను కంటి డాక్టరు దగ్గరికి తరిమాడు.

ఆ కంటి డాక్టరమ్మ పరీక్ష చేసి, నీటికాసులు, అదే గ్లాకోమా, అంది. ఈ జబ్బు చూపును పక్కలనుంచి తినుకుంటూ వస్తుందట. నడిమధ్య చూపు చివరిదాకా ఉంటుందట. అందుకే చిమటాకు మర దొరికింది, భుజానికి గుమ్మం తగిలింది. “పోయింది తిరిగి రాదండీ. పక్కలు మసకేసినప్పుడే వచ్చి ఉంటే చుక్కల మందుతో ఆపేవాళ్ళం కదా” అంది. మందులు వాడాం, ఆపరేషనూ చేయించాం. మిగిలిన చూపు కూడా నిలవలేదు. నాన్న చిమటా పక్కన పెట్టేశాడు.

బాబాయి మాకు మొహం చాటేశాడు. నేనే షెడ్డుకు పోయి కడిగిపారేశాను. “దారినపోయే ప్రతివాడికీ చెప్పావు కదా బాబాయ్! నాన్న దగ్గరికొచ్చేసరికి నీ నోరేమైంది?”

ఆయన చేతిలో టేపు చుట్ట అటూ ఇటూ తిప్పాడు. “మీటరు చూసినరోజే తెలిసిందమ్మా. ముల్లు నిండుగా ఉంది, అన్నయ్యేమో చీకటంటాడు. ముల్లే అబద్ధం అనుకున్నా...” అని ఆగి, “లేదు, అనుకోలేదు. అన్నయ్యను ఎదురుగా పట్టుకుని ఆ మాట అనడానికి నోరు రాలేదు” అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. జాలేసింది. కోపం మాత్రం పోలేదు, ఇప్పటికీ పోలేదు.

కొన్నాళ్ళకు నాన్నే కబురు పెట్టాడు. బాబాయి వచ్చి లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“వచ్చావా? గుడ్లగూబకు ఆ తెల్లదీపాలు తీసెయ్యరా. పాత బల్బులే పెట్టు.”

“ఎందుకన్నయ్యా ఇప్పుడు...”

“ముందు పెట్టరా.”

పాత బల్బులు, గిన్నెలు బాబాయి గుడ్డలో చుట్టి షెడ్డులో దాచే ఉంచాడు. తెచ్చి బిగించి స్విచ్చి వేశాడు. నాన్న బానెట్ తడుముకుంటూ ముందుకొచ్చి, దీపం అద్దంమీద అరచెయ్యి ఆనించాడు. మేమంతా చూస్తూ నిలబడ్డాం.

“ఆఁ, వేడెక్కుతోంది” అన్నాడు నాన్న. “ఆ కొత్తవాటికి అద్దం చల్లగానే ఉంటుంది. వెలుగుతోందో లేదో నాకేం తెలుస్తుంది? వీటితో తెలుస్తోంది. వెలుతురు బాగా వస్తోందా?”

బాబాయి దీపం వంక చూశాడు. “లేదన్నయ్యా. మసగ్గా ఉంది.”

పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య మనసుకు నచ్చని మాట ఆయన చెప్పడం నేను వినడం అదే మొదటిసారి.

“అలాగా. నువ్వన్నావంటే అంతేలే” అన్నాడు నాన్న, చెయ్యి తియ్యకుండానే. “ఈ దీపాల పనిలో నువ్వు చెబితే నేనెప్పుడు కాదన్నానురా?”

బ్యాటరీ దిగిపోతుందని తెలిసి కూడా బాబాయి స్విచ్చి ఆపకుండా అలాగే నిలబడ్డాడు.