ఇసుకలో చిల్లర సేద్యం

బట్టల కొట్లో పెరిగినవాడికి పత్తి గురించి ఒకరు చెప్పేదేముంటుంది అనుకున్నాను. గుడ్డ తాను మీద చెయ్యి వేస్తే నూలు రకం చెప్పగలను. ఉతికితే ఎంత కురచ అవుతుందో చెప్పగలను. చెట్టున ఉన్నప్పుడు పత్తికి ఏం కావాలో మాత్రం నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు, నాకూ తెలుసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు.

మా అత్తగారు పోయాక మా ఆవిడ వాటాకు ఒక ముక్క చేను వచ్చింది. గుణదలలో మా ఇంటి నుంచి బయలుదేరితే ఉయ్యూరు దాటి, కూచిపూడి దాటి, బస్సు దిగి ఆటో ఎక్కి, కృష్ణ కరకట్ట పక్కన దిగాలి. ఈ జిల్లా అంతా పచ్చటి వరి అనుకునేవాళ్లకు ఆ చేను చూపించాలి. ఎప్పుడో ఏరు పొంగి పరిచిపోయిన ఇసుక. కాలవ నీళ్లు అక్కడిదాకా రావు. ఫిల్టర్ పాయింటు అని లోతు తక్కువ బోరొకటి, దానికో చిన్న మోటారు, అంతే. అత్తగారు వేరుశనగ వేసేవారు. చివరి ఏళ్లలో అడవి పందులు పడి, కాయ ఊరేలోపే చేనంతా కుళ్లగించి పోయేవి.

పక్క ముక్క మా బావమరిదిది. అతను అందులో సరుగుడు నాటించాడు. సరుగుడు నాటితే ఇక మరిచిపోవచ్చు. చెట్లు ఎదిగాక కాంట్రాక్టరు వచ్చి కొట్టుకుపోతాడు.

"నీకెందుకక్కా ఈ ఇసక గోల? నాకొదిలెయ్, నాదాంతో కలిపి సరుగుడేసేస్తా. నువ్వు ఫ్యాన్ కింద చల్లగా కూర్చో" అన్నాడు.

"అదేరా నా బాధ. సరుగుడేస్తే ఇక నేను రావాల్సిన పనేముంది? అమ్మ రోజూ తిరిగిన చేను. నాక్కూడా తిరగాలనుండదా?"

అక్కాతమ్ముళ్లు ఒక మాట అనుకున్నారు. ఈ ఒక్క ఏడు పత్తి వేసి చూడాలి. పంట వస్తే చేను ఆవిడ చేతిలోనే ఉంటుంది, రాకపోతే సరుగుడు. పత్తే ఎందుకంటే, పందులు దాని జోలికి రావు.

విత్తనాలు తీసుకుని వెళ్తుంటే బస్సులో పక్కనున్న పెద్దాయన సంచిలోకి తొంగి చూశాడు.

"పత్తా? ఇసకలోనా? నల్లరేగడోళ్లే నెత్తిన గుడ్డేసుకున్నారండీ!"

"మాది గుడ్డల కొట్టేనండీ, నెత్తిన వేసుకోడానికి కొరతలేదు" అన్నాను. బస్సంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, అప్పటికింకా ఓపికుంది గనక.

మొలక బాగానే వచ్చింది. ఇక నా వ్యాపార తెలివి బయటికి తీశాను. కొట్లో మా పద్ధతి ఒక్కటే, సరుకు టోకున దింపించాలి. నాలుగుసార్లు తిరిగితే నాలుగు ఆటో ఖర్చులు. అదే లెక్కన యూరియా అంతా ఒక్కసారే వేయించి, మోటారు పెట్టి, సాయంత్రందాకా నీళ్లు పారించాను. ఇక నెల్లాళ్లు ఇటు రానక్కర్లేదని మా ఆవిడతో గొప్పగా చెప్పాను. ఆమె అప్పుడు చెల్లెలి కాన్పుకని వెళ్లి ఉంది. ఫోన్లో నేను చెప్పిందంతా విని, "అంతా ఒక్కసారేనా?" అని మాత్రం అంది.

ఆమె వచ్చాక ఇద్దరం కలిసి వెళ్లేసరికి ఆకులు పాలిపోయి ఉన్నాయి. కాలితో గీరితే పొడి ఇసుకే. నీళ్లూ యూరియా రెండూ వేళ్లు దాటి కిందికి దిగిపోయాయి.

"కొట్లో మూటలు దింపినట్టు దింపారు" అంది మా ఆవిడ చేలో కూలబడి. "ఇది గోడౌను కాదండీ, దాచిపెట్టుకోడానికి. ఇసక ఏ పూటకాపూట తినేసే రకం. దీనికి టోకు పనికిరాదు. చిల్లరే."

ఆ మాట నా ప్రాణం మీదికి వచ్చింది. చిల్లరగా నీళ్లు, చిల్లరగా ఎరువు, అన్నిటికీ మించి చిల్లరగా మేము. ఇవాళ వెళ్లి కాసిని నీళ్లు పెట్టి రావడం, నాలుగు రోజులాగి మళ్లీ బస్సు. మొక్క మొదట్లో చిటికెడు చిటికెడు యూరియా వేస్తూ, వంగిన నడుము వంగినట్టే చివరి సాలుదాకా పోవడం. ఇసుకలో నడిస్తే అడుగు ముందుకు పడదు, కిందికి పడుతుంది. చెప్పుల్లో ఇసుక, టిఫిన్ డబ్బాలో ఇసుక, గుణదలలో మా పక్క దుప్పట్లో ఇసుక. గాడ్పుకు గూడ, అదే పూమొగ్గ, రాలింది. తట్టుకుని మిగిలిన మొక్కలు మోకాలెత్తున ఆగిపోయి కాయ పట్టాయి. కొన్నిటికి అదీ లేదు.

పత్తి రెండో తీత అయ్యాక బావమరిది వచ్చాడు. ఆ ఉదయమే బస్సులో నేను నిశ్చయించుకున్నాను. అతను 'పంట రాలేదు' అనగానే 'నిజమేనయ్యా' అనేస్తాను. ఒక్క మాట, నా మోకాళ్లకు విముక్తి. మా ఆవిడ నాలుగు రోజులు బాధపడుతుంది, తరవాత సర్దుకుంటుంది.

అతను గట్టు మీద నిలబడి చేను కలయజూశాడు. మా ఆవిడ చేతిలో ఉన్న కాసింత పత్తిని అటూ ఇటూ విడదీస్తూ తమ్ముడి మొహమే చూస్తోంది.

"ఇది రావడమా బావగారూ? సగం మొక్కలకి కాయే లేదు."

"సగానికి ఉందిగా" అన్నాను. అనేశాను.

"పింజ పొట్టిదని మీ మొదటి తీత కొన్నాయనే అన్నాడంట."

"కొనేవాడు పొట్టిదనక పొడుగుదంటాడా? ఇంతకీ కొన్నాడా లేదా?"

"కొన్నాడనుకోండి..."

"రాని పంటని ఎట్లా కొన్నాడయ్యా?"

"అది కాదండీ మనం అనుకుంది!"

"అనుకుంది 'వస్తే' అని. ఎంతొస్తే అని నువ్వడగలేదు. అడగాల్సింది."

నాలో ఇంకొకడెవడో కూర్చుని మాట్లాడుతున్నాడు. వాడికి నడుం నొప్పి లేదు, బస్సెక్కే పని లేదు. ఎదుటివాడు ఒక మాట అంటే దాన్ని కిందికి లాగడమొక్కటే వాడికి తెలుసు. లాగింది ఎవరి నెత్తిన పడుతుందో వాడికి అనవసరం.

బావమరిది చేతులెత్తి దండం పెట్టాడు. "మీతో బేరానికి దిగడం నాదే బుద్ధితక్కువ. అక్కా, చేను నువ్వే చేసుకో. సరుగుడు మాట మళ్లీ ఎత్తను."

మా ఆవిడ అటు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పుడుగాని నేనేం గెలిచానో నాకు తెలియలేదు.

"పోనీ, ఆ చివరి ముక్కకి సరుగుడు..." అన్నాను గబగబా.

"మీరిక మాట్లాడకండి. గెలిచారుగా" అంది. గొంతు ఇంకా తడిగానే ఉంది. "పత్తికట్టె పీకించాలి. ఎల్లుండి వచ్చేద్దామా?"

"వచ్చే వారం చూద్దాం."

"ఎల్లుండి."

"సరే, మధ్యస్థంగా శనివారం."

"ఎల్లుండి శనివారమేనండీ."

గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి ఇసుక దులుపుకున్నాను.