దీవికి వెనకవైపు

చేతిలో పని లేకపోతే నేను కాలు కాలిన పిల్లిలా తిరుగుతాను. సినిమాలకు సెట్లు వేసేవాణ్ణి. ఈ మధ్య కోటలూ అడవులూ కంప్యూటర్లోనే మొలుస్తున్నాయి కనుక, మధురానగర్‌లో మా అద్దె ఇంటి గచ్చు నా నడకకు అరిగిపోతోంది. ‘కాసేపు కూర్చోండి, మిమ్మల్ని చూస్తే నాకు కళ్లు తిరుగుతున్నాయి,’ అంటుంది మా ఆవిడ. కూర్చుంటే నాకు ఊపిరాడదు.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ దీవి. ఎక్కడో నడిసముద్రంలో ఉన్న చిన్న దేశం. చుట్టూ ఉన్న నీళ్లతోనే ఎదగాలని వాళ్ల ప్రభుత్వం ఒక జాతీయ ప్రణాళిక వేసుకుంది. పెద్ద ఓడలకు రేవు, చేపలకు శీతల గిడ్డంగులు, ఓడల మరమ్మతు, పర్యాటకులకు హోటళ్లు. వీటన్నిటికీ పెట్టుబడి కావాలి. మన దగ్గర రొయ్యల చెరువుల్లో సంపాదించినవాళ్లూ, సినిమా నిర్మాతలూ ఉన్నారని ఎవరో వాళ్ల చెవిన వేసినట్టున్నారు, జూబ్లీహిల్స్‌లో ఒక హోటల్లో సమావేశం పెట్టారు. హాలులో దీవి నమూనా ఉండాలి. అది నా పని.

ఫిల్మ్‌నగర్‌లో ఒక షెడ్డు తీసుకుని ప్లైవుడ్, థర్మకోల్‌తో మొదలుపెట్టాం. వాళ్లు పంపిన పటంలో తూర్పు తీరం రేవులూ హోటళ్లతో కిక్కిరిసి ఉంది. పడమటి తీరం ఉత్త తెలుపు. ఆ తెలుపు మాకు వింతగా అనిపించలేదు. కెమెరా చూడని వైపు మేం ఎప్పుడూ కట్టం. రాజమహల్ వేసినా వెనక కర్రలూ మేకులే కదా, పైన పటారం లోన లొటారం.

‘గటు దిక్కు ఎవలు జూస్తరు సార్,’ అన్నాడు షేక్‌పేట నుంచి వచ్చే మా మేస్త్రి. ఇసుక రంగు ఒక పూత పూసి వదిలేశాడు.

సమావేశం రోజు ఉదయం దీవిని హోటల్ హాల్లో చక్రాల బల్ల మీద పెట్టాం. కుదురు లేక దాని చుట్టూ తిరుగుతున్నాను. అప్పుడు ఆ దేశపు బృందంలోంచి ఒకామె వచ్చింది, మత్స్యశాఖ ఉద్యోగి. ముందువైపు చూసి మెచ్చుకుంది. వెనక్కి వెళ్లి ఆగిపోయింది.

‘మా ఊరు ఏది?’ అని ఇంగ్లీషులో అడిగింది.

పటంలో లేదన్నాను. తనకూ తెలుసంది. పటం గీసినప్పుడే ఆఫీసులో అడిగిందట, తర్వాత చేరుస్తామన్నారట. ఆ తెలుపులో చేపలు పట్టేవాళ్ల ఊరుంది, పడవలు లాగే రేవుంది, వాళ్లమ్మ ఇప్పటికీ చేపలు ఎండబెట్టే ఒడ్డుంది. ‘ప్రణాళిక నాకూ కావాలి. కానీ ఈ సాయంత్రం ఇక్కడ ఖాళీ కనబడితే, అందరూ ఈ చోటే కావాలంటారు,’ అంది.

బండరాయి ఖాళీగా కనబడినా మేడ కట్టేసే ఊళ్లో ఉన్నాను, నాకు వేరే చెప్పాలా. మేస్త్రి నవ్వి కొట్టిపారేస్తాడనుకుంటూనే విషయం చెప్పాను. అతను టీ గ్లాసు పక్కన పెట్టాడు.

‘మా షేక్‌పేటల గూడ గంతే అయింది సార్. ఖాళీ జాగ గనవడితె ఊకుంటరా? జర రంగు డబ్బలు తెప్పియ్యిండ్రి.’

ఆమె చెబుతూ పోయింది, మేం కడుతూ పోయాం. థర్మకోల్ ముక్కలు ఇళ్లయ్యాయి. హోటల్ వంటింట్లో అడిగి తెచ్చిన చెక్క చెంచాలు చెక్కి పడవలు చేశాం. ఒడ్డుకు మళ్లీ రంగు వేశాం. ‘ఇంకా నీళ్లకు దగ్గరగా,’ అంటూ ఆమె ఒక్కో ఇంటినీ జరిపించింది. ‘మీ పైవాళ్లు ఏమైనా అంటారేమో,’ అన్నాను. ‘అంటారు,’ అంది. నాకు ఆమె మీద గౌరవం, ఆమె గురించి భయం రెండూ కలిగాయి.

అతిథులు వచ్చే వేళకు ఏర్పాట్లు చూసే మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. ‘సార్, స్పేస్ చాలట్లేదండీ. ఐలాండ్‌ని గోడకి ఆనించేద్దాం. బ్యాక్ సైడ్ ఎలాగూ ఏం లేదు కదా.’

‘ఉందండీ. రంగు కూడా పచ్చిగా ఉంది. గోడకి అంటితే హోటల్‌వాళ్లు మిమ్మల్నే అడుగుతారు,’ అన్నాను. మేనేజరు విసుక్కుని వెళ్లిపోయాడు. దీవి హాలు మధ్యలోనే ఉండిపోయింది.

కాఫీ కప్పులతో జనం ముందువైపే మూగారు. వెనక ఆమె ఒక్కతే నిలబడి ఉంది. నేను అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. చివరికి ఒక నిర్మాత వెనక్కి వచ్చాడు. మళ్లీ ఒక సెట్ ఇస్తాడేమోనని నేను ఆశపెట్టుకున్న మనిషి.

‘ఈ ఒడ్డు భలే ఉందండీ. రిసార్ట్‌కి బ్రహ్మాండంగా సరిపోతుంది,’ అంటూ ఇసుక మీద వేలు పెట్టాడు. ‘ఇక్కడ ఎవరైనా ఉంటున్నారా?’

నేను ఆమె వైపు తిరిగి ఆ ప్రశ్న ఇంగ్లీషులో అడిగాను.

‘మా అమ్మ,’ అంది.

అదే మాట తెలుగులో ఆయనకు చెప్పాను. ఆయన వేలు తీసేశాడు. దానికి ఇసుక రంగు అంటుకుంది. రుమాలుతో తుడుచుకుంటూ ఆ చిన్న ఇళ్లవైపు కాసేపు చూశాడు.

‘అయితే వాళ్లిల్లు ఏదండీ?’ అన్నాడు.

అదీ ఆమెకు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె వంగి చూపించింది.