ఓడ రేవులో ఉన్న ఏడాది

మిర్యాలగూడలో ఎటు చూసినా రైసు మిల్లులే. అయినా మా ఇంట్లో ఆరు నెలల బియ్యం నిల్వ ఉంటుంది, ప్రతి బస్తాకూ తేదీ రాసిన చీటీ వేలాడుతుంటుంది. మా ఆయన నేవీలో సరుకుల ఓడ మీద పనిచేశారు. నడిసముద్రంలో యుద్ధనౌకల పక్కకు వెళ్లి డీజిల్, బియ్యం, ఉల్లిగడ్డలు అందించి వచ్చే ఓడ అది. ఈయన స్టోర్స్ చూసేవారు. రిటైరై ఇన్నేళ్లయినా ఆ బుద్ధి పోలేదు. పురుగు పట్టిన బియ్యం చెరుగుతూ నేనెంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఈ మధ్య ఆ ఓడను తుక్కు చేసేశారు. పాత మిత్రులంతా విశాఖపట్నంలో కలుస్తారట, ఓడ చరిత్రను చిన్న పుస్తకంగా వేస్తారట. ఆ పని ఈయన నెత్తికెత్తుకున్నారు. ఈయన అక్షరాలు కోడి కెలికినట్టుంటాయి కాబట్టి రాయాల్సింది నేను. ముప్పై ఏళ్లు కోదాడ బడిలో పిల్లలకు డిక్టేషన్ చెప్పినదాన్ని, ఇప్పుడు నేనే రాయాలి. నా కాపురంలో మంచి ఏళ్లన్నీ మింగిన ఓడ అది. దాని చరిత్ర కూడా నా చేతే రాయించడమంటే ఒళ్లు మండింది. అయినా కూర్చున్నాను. ఆ ఏళ్లు ఎక్కడికి పోయాయో తెలుసుకోవాలని నాకూ ఉంది.

రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి, మధ్యలో పురికొస కట్టి, కదిలే ఓడకు కదిలే ఓడ నుంచి డీజిల్ ఎట్లా ఎక్కిస్తారో రోజూ చూపించేవారు. అన్నం చల్లారిపోతుందన్నా వినరు. ఓడ ఏ నెలలో ఏ రేవులో ఉందో ఈయనకు కంఠతా వచ్చు. నా పుట్టినరోజు మాత్రం ఇప్పటికీ రాదు.

నాలుగో రోజు మా చిన్నది పుట్టిన ఏడాది దగ్గరికి వచ్చాం.

"ఆ ఏడు ఓడ రిపేరుకని విశాఖ డాక్‌ల ఉండె. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాక. రాసినవా?" అన్నారు.

నా పెన్ను ఆగింది. చిన్నది పుట్టింది జూన్‌లో, సూర్యాపేట దవాఖానలో. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ కాగితం మీద భర్త సంతకం కావాలన్నారు. ఓడ సముద్రంలో ఉంది, ఆగస్టు దాటితే గానీ ఒడ్డుకు రాదని అంతకుముందే ఉత్తరం రాశారు ఈయన. ఆ మాటే డాక్టరమ్మకు గొప్పగా చెప్పాను. మా అన్న సంతకం పెట్టాడు. పుట్టింటివాళ్లు సణిగితే, ఆయన దేశం పని మీద ఉన్నాడని నోరు మూయించాను. తీరా చూస్తే విశాఖలో బస్సెక్కితే తెల్లారేసరికి సూర్యాపేట.

"సముద్రంల ఉన్నమని రాసిన్రు గదా" అన్నాను.

చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"డాక్‌ల ఉన్నప్పుడే స్టోర్లన్నీ ఖాళీ చేసి మళ్ల నింపాలె. ఇంకొకని చేతుల పెడితే ఆగమైతదనుకున్న. సెలవు అడగలే. నీకేం చెప్పాల్నో తెల్వక అట్ల రాసిన."

ఉల్లిగడ్డల బస్తాల కోసం! తిట్టాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లూ మోసపోయినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. ఆయన చెప్పిన వాక్యం కిందే ఇంకో రెండు రాశాను. "ఆ నెలల్లోనే స్టోర్స్ చూసే ఉద్యోగి భార్యకు సూర్యాపేటలో ఆపరేషన్ అయి ఆడపిల్ల పుట్టింది. ఆయన సెలవు అడగలేదు." ఇది కూడా ఓడ చరిత్రే అని కాగితాలు ఆయన ముందు పడేశాను. చదివి, సర్ది ఫైల్లో పెట్టుకున్నారు. మర్నాడు అవి పట్టుకుని కోదాడలో డీటీపీ చేసే నా పాత విద్యార్థి దగ్గరికి వెళ్లారు. ఆ రెండూ కొట్టేయిస్తారనే అనుకున్నాను.

వారానికి ప్రూఫు వచ్చింది. తప్పులు దిద్దడం కూడా నా పనేనట. ఎర్ర పెన్ను తీసుకుని ముందు ఆ పేజీ తిప్పాను. నా వాక్యాలు రెండూ ఉన్నాయి. వాటి తర్వాత నేను రాయనిది ఒకటి ఉంది.

"అడిగితే ఇచ్చేవాళ్లు."